ఎడమ పక్కన ఎవరో

మార్చి 14

మరదలు పిల్లకి,

నేను బతికే ఉన్నాను. ఈ ముక్క ముందు రాయకపోతే మిగతాది నువ్వు సవ్యంగా చదవవని తెలుసు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఆరు రోజులైంది. మీ అన్నయ్య రాసిన రెండు వాక్యాల ఉత్తరం నీకు అందే ఉంటుంది. బేకరీలో రొట్టెల మీద పెట్టే శ్రద్ధ ఆయన అక్షరాల మీద పెట్టరు కదా, అందుకని నేనే చెబుతున్నా. ఆ రోజు కొట్లో ఒక లాయరు గారి కోటుకి కాలరు కత్తిరిస్తున్నాను. కత్తెర జారి పడింది. తీద్దామని వంగితే నేలంతా ఒక పక్కకి ఒరిగిపోయింది. అంతే, మళ్ళీ కళ్ళు తెరిచింది ఆసుపత్రిలోనే. మెదడులో కుడివైపు రక్తం గడ్డ అడ్డుపడిందట. దాంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. మాట మాత్రం పోలేదు. "అది పోయుంటే మాకు కాస్త విశ్రాంతి దొరికేది" అన్నారు మీ అన్నయ్య. అంటూనే కళ్ళు తుడుచుకున్నారు.

పదహారేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న ల్యూపస్ సంగతి నీకు తెలిసిందే. ఒంటికి కాపలా కాయాల్సినదే ఒంటి మీద పడి కరుస్తుంది. కంచే చేను మేసినట్టు. ఇన్నాళ్ళూ కీళ్ళని, చర్మాన్ని మేసింది. ఇప్పుడు రక్తాన్ని చిక్కబరిచి ఈ పని చేసిందట. కీళ్ళ డాక్టరమ్మ, "ల్యూపస్ మాత్రలు ఒక్కరోజు కూడా ఆపకండి" అంటుంది. మెదడు డాక్టరు గారు రక్తాన్ని పలచబరిచే మాత్రే ప్రాణమంటారు. ఇద్దరిదీ ఒకే భవనం, చెరో అంతస్తు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను చూడలేదు. మెట్లెక్కి దిగేది మీ అన్నయ్యే.

ఆయన మాత్రలకని ఒక ప్లాస్టిక్ డబ్బా కొన్నారు. అందులో నిలువుగా రెండు వరసలు, వరసకి ఏడేసి అరలు. పొద్దుటివి ఒక వరస, రాత్రివి ఒక వరస. ఆదివారం ఆదివారం నింపుతారు. సెలవులో ఉన్నారుగా, తనే నోట్లో వేస్తున్నారు, నేనేదో చంటిపిల్లనైనట్టు.

వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ ఏదో ఒకటి రాయమంది. ఫోను పనిచేయని చోట ఉద్యోగం చేసే మరదలు ఉండటం ఎంత సుఖమో ఇప్పుడు తెలిసింది.

చిన్న సంగతి ఒకటి. మన ముందుగది ఇరుకైనట్టుంది. ఎవరో గోడని లోపలికి జరిపినట్టు. కొన్నాళ్ళు లేకపోతే ఏ ఇల్లయినా అలాగే ఉంటుందేమో.

నోరు మాత్రం మిగిలిన
నీ వదిన


మార్చి 26

బతికున్న వదినకి,

మొదటి ముక్క చదివి అరగంట ఏడ్చి, తరవాత మిగతాది చదివాను. నది ఒడ్డున మా శిబిరానికి సరుకుల జీపు పదిరోజులకోసారి వస్తుంది. నీ కవరు బియ్యం బస్తా మీద కూర్చుని వచ్చింది.

నేను బాగానే ఉన్నా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నది నీటిమట్టం కొలిచి పుస్తకంలో ఎక్కించడం, మిగతా సమయమంతా నదిని చూడటం. నాకు పదేళ్ళప్పుడు నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టావు. మొదటి రోజే నా జడ విప్పి, "ఇది జడా, తాడా?" అన్నావు. ఆ రోజు నుంచి నాకు తల దువ్వినవాళ్ళెవరూ లేరు, నువ్వు తప్ప. అలాంటి నీకు ఇలా అయితే నేను ఇక్కడ నీళ్ళు కొలుస్తూ కూర్చున్నాను.

అది సరే, కాగితం అంత దుబారా చేస్తావేం? ప్రతి వాక్యమూ పేజీ మధ్యలో మొదలవుతోంది. ఎడమవైపు సగం తెల్లగా ఉంది. నేను జవాబు రాయడానికి వదిలిపెట్టావా? పెద్ద డాక్టర్లతో తిరుగుతున్నావుగా, మందుచీటీల్లా రాయడం నేర్చుకున్నట్టున్నావు!

ఇక్కడ వానలు మొదలయ్యేలోగా నాకో రెయిన్‌కోటు కావాలి. నువ్వు కుట్టొద్దు. కొలతలు నీ దగ్గరున్నాయిగా, నమూనా గీసి పంపు చాలు. ఇక్కడ గుడారాలు కుట్టే ఆయన ఉన్నాడు, అతనిచేత కుట్టించుకుంటా. నీకూ వ్యాయామం అవుతుంది.

అన్నయ్య సెలవు ఎప్పటిదాకా? జాగ్రత్త.

తాడుజడ మరదలు


ఏప్రిల్ 6

మరదలా,

కాగితం సగం వదిలిపెట్టడమేమిటి? అంచు నుంచి అంచు దాకా రాశాను. నీకు అక్కడ ఎండ దెబ్బ తగిలినట్టుంది. రెయిన్‌కోటు నమూనా గీశాను, ఇందులోనే పెడుతున్నా. రెండు గంటలు పట్టింది. పాత పనితనం పోలేదని మురిసిపోయాను.

మీ అన్నయ్య సెలవు మార్చి ఆఖరి వారంలోనే అయిపోయింది. తెల్లవారకముందే బేకరీకి వెళ్ళిపోతున్నారు. పొద్దుటి మాత్రలు నేనే వేసుకోవాలి. ఇక్కడే ఒక వింత జరుగుతోంది, నవ్వకుండా విను. డబ్బా తెరిస్తే అందులో పొద్దుటి వరస ఉండటం లేదు. ఒకే వరస. రాత్రిది. దాన్ని ముట్టుకోవద్దని ఆయన చెప్పారు, సాయంత్రం వచ్చి తనే ఇస్తారు. మరి పొద్దుటివి? నింపలేదేమో అనుకున్నా. ఆదివారం ఆయన డబ్బా తీసి, "ఇదేమిటి, పొద్దుటివన్నీ అలాగే ఉన్నాయి?" అన్నారు. అరచేతిలో పోసి చూపించారు. ఏడు రోజుల మాత్రలు! నేను వారం రోజులు చూసిన డబ్బాలో అవి లేవు. ఒట్టు.

ఇంకోటి. నా కంచంలో అన్నం అయిపోతుంది. లేద్దామని కంచం పక్కకి తిప్పితే సగం అన్నం మళ్ళీ ఉంటుంది. చల్లారిపోయి. ఎవరో తిని, మిగిల్చి పెట్టినట్టు.

ఇవన్నీ బయట ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నా. ఇంట్లో ఎవరో ఉన్నారు. ఆడమనిషి. మధ్యాహ్నం నేను పడుకుంటే నా పక్కలో ఆమె చెయ్యి ఉంటోంది. చల్లగా, బరువుగా ఉంటుంది. ఉంగరం ఉండదు. తోసేస్తే మళ్ళీ వచ్చి నా ఒళ్ళో పడుతుంది. ఆమె మొహం నేనింకా చూడలేదు. మీ అన్నయ్యని అడిగితే నా దుప్పటి సర్దారు.

నీ వదిన


ఏప్రిల్ 16

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆవిడెవరు? పక్కలో పడుకునేంత చనువా? అన్నయ్యని అడిగితే మాట తప్పించి దుప్పటి సర్దాడా? ఆ దుప్పటి కిందే అన్ని సంగతులూ ఉన్నాయన్నమాట.

నీ మాత్రలు తీసేది ఆవిడే. నువ్వు తిన్న కంచంలో తినేదీ ఆవిడే. పనిమనిషిని పెట్టుకుంటే పెట్టుకున్నానని చెప్పొచ్చుగా. వేరే సంగతైతే నాకు నోటితో అనాలనిపించడం లేదు. భార్య మంచాన పడి రెండు నెలలైనా తిరక్కుండా! ఇదే జీపులో అన్నయ్యకి వేరే ఉత్తరం పంపుతున్నాను. పుట్టి బుద్ధెరిగాక వాడితో అలా మాట్లాడి ఎరగను. ఈసారి రాశాను.

నమూనా చూశాను. ఇది వేళాకోళమా? ఒక చెయ్యే ఉంది. సగం కాలరు, ఒకవైపే జేబు, కాజాలున్నాయి గానీ గుండీల పట్టీ లేదు. గుడారాలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మగారూ, ఇది ఒంటిచేతి మనిషికా?" అన్నాడు. ఆ మాటకి ఎందుకో నవ్వు రాలేదు. రెండో కాగితం కవర్లో పెట్టడం మరిచిపోయి ఉంటావు, అది పంపు.

ఆవిడ ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో వివరంగా రాయి. భయపడకు. నేనున్నాను.

నీ మరదలు


ఏప్రిల్ 27

మరదలా,

ఎందుకు రాశావమ్మా ఆయనకి అలాగ? ఉత్తరం చదివి బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళ పంపు విప్పి ఉంచారు. బయటికొచ్చి, "నా చెల్లెలు నన్ను ఇంతేనా అనుకుంది?" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి ఆయన నాకు కనపడటమే తగ్గిపోయింది. సాయంత్రం తలుపు చప్పుడవుతుంది. గొంతు వినపడుతుంది, గోడలోంచి వచ్చినట్టు. ఒక్కసారైనా నా పక్కన వచ్చి కూర్చోరు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత దూరం ఎప్పుడూ లేదు.

రెండో కాగితం ఏదీ లేదు. రెండు చేతులూ గీశాను. నీక్కూడా నా మాట మీద నమ్మకం లేదా?

ఆదివారం మళ్ళీ తగువైంది. మాత్రలు మళ్ళీ మిగిలాయి. "మొహం ఉబ్బుతోందని స్టెరాయిడు మానేస్తున్నావు, నాకు తెలుసు" అన్నారు. కిందటేడు నేనలా విసుక్కున్న మాట నిజమే. కానీ మానలేదు. లేని మాత్ర ఎలా మింగను? ఆయన వెళ్ళి మెదడు డాక్టరు గారికి చెప్పారట. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి మనసు బాగుండదు, మొండితనం వస్తుంది, మెల్లగా సర్దుకుంటుంది అన్నారట ఆయన. కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సింది వచ్చే నెల.

మోకాళ్ళు, వేళ్ళు మళ్ళీ వాచాయి. నోట్లో పుళ్ళు. తిన్నది నిలవడం లేదు. నిన్న మంచం దిగుతుంటే కళ్ళు చీకట్లు కమ్మి పడ్డాను. పడితే ఆవిడ నా కింద ఉంది. ఆమె మోచెయ్యి నా డొక్కలో గుచ్చుకుంది. ఇద్దరం అలా ఎంతసేపు పడున్నామో తెలియదు. నాకు ఇప్పుడు ఆమె మీద కోపం లేదు. ఆమెకీ ఒంట్లో బాగున్నట్టు లేదు.

మొన్న అద్దం ముందుకి వెళ్ళాను. అందులోనూ గది ఇరుకైంది. నేను కాస్తే ఉన్నాను.

ఉంటా.

వదిన


మే 6

వదినా,

ఈ ఉత్తరం అందగానే, ఏ పని చేస్తున్నా ఆపి, ఆ డబ్బా తీసుకుని గుండ్రంగా తిప్పు. పై అంచు నీ వైపుకి వచ్చేలాగ. ఏం కనిపిస్తుందో చూడు.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. మొదటిదాంట్లో ఎడమ సగం ఖాళీ. రెండోదాంట్లో ఇంకాస్త ఎక్కువ. మూడోది కుడి అంచున గోడకి ఆనుకున్న మనిషిలా నిలబడి ఉంది, ఒక్కో వరసకి మూడు మాటలు. వాటి పక్కన ఆ ఒంటిచేతి కోటు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా లేచి తలుపేశాను.

నెలకోసారి శిబిరానికి వచ్చే డాక్టరు గారు అదృష్టం కొద్దీ ఇవాళే వచ్చారు. ఆయనకి చూపించాను. ఒక్క నిమిషం చూసి అన్నారు: "మీ వదినగారి కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. మెదడులో కుడిభాగం దెబ్బతింటే కొందరికి ఎడమ అనేదే ఉండదు. కంచంలో ఎడమ సగం ఉండదు, గదిలో ఎడమ గోడ ఉండదు. ఉండదని కూడా వాళ్ళకి తెలియదు. కొందరు తమ చేతినే పరాయిదనుకుంటారు."

వదినా, ఆ చెయ్యి నీదే. ఉంగరం ఆసుపత్రిలో తీసేసి ఉంటారు.

మాత్రల సంగతి చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. స్టెరాయిడు ఏళ్ళ తరబడి వాడి హఠాత్తుగా మానితే ప్రాణం మీదకొస్తుందట. ల్యూపస్ మాత్ర ఆగితే జబ్బు మళ్ళీ రాజుకుంటుందట, అది రాజుకుంటే రక్తం మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం. అలాగని తప్పిపోయినవన్నీ ఒకేసారి మింగొద్దు. కీళ్ళ డాక్టరమ్మకి వెంటనే చెప్పాలి, ఇద్దరు డాక్టర్లకీ ఒకరి మందు ఇంకొకరికి తెలియాలి.

ఉత్తరం అందేదాకా ఆగలేను. జీపు డ్రైవరుకి అన్నయ్య బేకరీ నంబరు రాసిచ్చి, ఫోను పలికే మొదటి ఊళ్ళోనే ఆపి ఈ మాటలు పొల్లుపోకుండా చెప్పమన్నాను. మూడుసార్లు వల్లెవేయించాను. "మాత్రలు ఎడమ వరసలో ఉన్నాయి, ఆమెకి ఎడమ లేదు" అని. మూడోసారి చెబుతూ అతను ఆగి, "ఎడమ లేకపోతే మనిషి ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు.

అన్నయ్య కాళ్ళ మీద పడాలి నేను.

నీ మరదలు


మే 22

బంగారు తల్లీ,

మళ్ళీ ఆసుపత్రిలోనే ఉన్నా, కానీ ఈసారి కూర్చుని రాస్తున్నా. వ్యాయామం అమ్మాయి కాగితానికి ఒక అంచున ఎర్ర గీత గీసింది. ఆ గీత కనపడేదాకా తల తిప్పి, అక్కడి నుంచి మొదలుపెట్టాలట. తిప్పుతూ తిప్పుతూ ఉంటే కాగితం ఇంకా ఇంకా వస్తూనే ఉంది. ఇంత కాగితం ఎక్కడ దాక్కుంది?

డ్రైవరు ఫోను చేసేసరికి మీ అన్నయ్య పొయ్యి దగ్గరున్నారట. పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు. నేను స్నానాలగది గుమ్మంలో పడున్నాను. ఒంట్లో స్పృహ లేదు, రక్తపోటు అట్టడుగుకి పోయింది. ఇక్కడికి తెస్తే ముందు అందరూ మళ్ళీ స్ట్రోకే అన్నారు. మీ అన్నయ్య మాత్రం డబ్బా ఎత్తి పట్టుకుని, "నెలకి పైగా ఈ వరస వేసుకోలేదు" అని అరుస్తూనే ఉన్నారట. ఆ అరుపుకి పై అంతస్తు నుంచి కీళ్ళ డాక్టరమ్మ దిగొచ్చింది. చూస్తూనే స్టెరాయిడు నరంలోకి ఎక్కించమంది. ఆ తరవాత ఆవిడా, మెదడు డాక్టరు గారూ నా మంచానికి చెరో పక్కన నిలబడి మొట్టమొదటిసారి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఆయన నాకు కనపడలేదనుకో, గొంతు మాత్రం విన్నా. "నేను మొండితనం అనుకున్నాను. అది నా పొరపాటు" అన్నారు. పెద్దవాళ్ళు అలా అనగా వినడం కూడా ఒక మందే.

ఇకనుంచి నెలకోసారి ఇద్దరూ ఒకే గదిలో చూస్తారట. పొద్దుటి మాత్రలు ఒక గిన్నెలో, నా కుడిచేతి కింద.

నేను మీ అన్నయ్యని నిలదీశాను. "అన్నాళ్ళూ నా పక్కన ఒక్కసారి కూర్చోలేదేం?" అని. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తరవాత అన్నారు: "రోజూ కూర్చున్నా. ఎడమ పక్కన. చచ్చుబడ్డ వైపు కూర్చుని చెయ్యి నిమిరితే కదలిక వస్తుందని వ్యాయామం అమ్మాయే చెప్పింది. నీ చెయ్యి పట్టుకుని కూర్చునేవాణ్ణి. నువ్వు గోడతో మాట్లాడేదానివి. ఈయన రారు, ఈయన రారు అని నాతోనే చెప్పేదానివి."

అన్ని సాయంత్రాలు!

ఆవిడ సంగతి అడుగుతావని తెలుసు. ఆ చెయ్యి నాదేనని నాకు తెలుసు. పది మంది చెప్పారు, ఉంగరం కూడా తొడిగారు. అయినా మధ్యాహ్నం కునుకు పట్టి లేస్తే ఆవిడ వచ్చి ఉంటుంది. తెలిసినంత మాత్రాన పోదట. "పలకరించండి, తాకండి, నూనె రాయండి" అన్నారు. రాస్తున్నా. పరాయిదాని చేతికి నూనె రాస్తున్నట్టే ఉంటుంది. నిన్న మాత్రం గోళ్ళు కత్తిరిస్తుంటే ఒక వేలు ముడుచుకుంది. ఎవరికి నొప్పి పుట్టిందో కాసేపు తెలియలేదు.

వదిన


జూన్ 3

వదినకి, ఈసారి అన్నయ్యకి కూడా చదివి వినిపించు,

అన్నయ్యా, నేను రాసిన ఉత్తరం పొయ్యిలో వెయ్యి. వేశాక ఆ పొయ్యిలో కాల్చిన రొట్టె ఒకటి నాకు పంపు, క్షమించావని నమ్ముతాను.

వదినా, నేను రాజీనామా రాసి పెట్టుకున్నాను. వచ్చే జీపులో పంపాలా, నేనే రావాలా? నీ పక్కన ఒక మనిషి ఉండాలి. నీళ్ళని ఎవరైనా కొలుస్తారు. నాకిక్కడ నిద్రపట్టడం లేదు. నది ఒడ్డున నిలబడితే నాకు కనపడని ఒడ్డు ఇంకెక్కడైనా ఉందేమోనని వెనక్కి తిరిగి చూస్తున్నాను.

నీ మరదలు


జూన్ 20

మరదలా,

రాజీనామా చింపెయ్యి. సెలవు పెట్టుకుని రా, పదిరోజులు ఉండు, తల దువ్వించుకుని వెళ్ళు. ఒంటిచేత్తో దువ్వుతా, ఈసారి నిజంగానే తాడులా ఉంటుంది. ఈ జబ్బు రెండు రోజుల్లో పోయేది కాదు. మళ్ళీ గడ్డ కట్టదని డాక్టర్లెవరూ మాట ఇవ్వడం లేదు. రక్తం పరీక్ష, మోతాదు మార్చడం, జ్వరం వస్తే వెంటనే పరిగెత్తడం, ఇదంతా జీవితాంతం. దానికోసం నువ్వు నీ జీవితం మానుకుంటే నాకు ఇంకో బరువు.

రొట్టె పంపుతున్నాం. మీ అన్నయ్య దాని మీద కోపంగా ఉన్న మొహం గీశారు. దారిలో నలిగి నవ్వుమొహం అవుతుందేమో.

నిన్న ఇద్దరు డాక్టర్ల గదికి వెళ్ళాం. బయట వరస కుర్చీల్లో మా ముందు ఒక పెద్దాయన. నాలాంటివాడే. కీళ్ళవాతం వేళ్ళని వంకర్లు తిప్పేసింది, మూడు నెలల కిందట స్ట్రోక్ వచ్చిందట. పక్కన ఆయన భార్య. నేను పలకరించగానే ఆవిడ పొంగి పొర్లింది. "నాతో మాట్లాడరమ్మా ఈయన. పిలిస్తే గోడకేసి చూస్తారు. నేనేం తప్పు చేశానో తెలియదు." ఆవిడ కూర్చున్నది ఆయనకి ఎడమ పక్కన.

నేను మీ అన్నయ్య భుజం పట్టుకుని లేచాను. ఆవిణ్ణి జరగమని ఆ కుర్చీలో నేను కూర్చున్నా. "అయ్యగారూ" అన్నాను. ఆయన తల కుడివైపు గోడకి తిరిగింది. అక్కడ వెతికారు. ఎవరూ లేరు. మళ్ళీ పిలిచాను. ఇంకా అటే వెతికారు. ఆయన నుంచి జానెడు దూరంలో ఉన్నాను మరదలా, ఆయనకి నేను లేను. అలా లేకపోవడం ఎలా ఉంటుందో ఎలా చెప్పను? నా చేతులు నేనే చూసుకున్నా, ఉన్నాయా అని.

ఆయన ఎడమ చెయ్యి తొడ మీద పడి ఉంది. దాని మీద నా చెయ్యి వేశాను. ఆయన బిగుసుకుపోయారు. గోడకేసి చూస్తూ, గొంతు తగ్గించి అన్నారు: "ఇక్కడ ఎవరో ఉన్నారు. ఆడమనిషి. రోజూ వస్తుంది."

ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చెయ్యి తీయలేదు.

"ఉన్నానండీ" అన్నాను. "భయం లేదు. ఇటు తిరగండి. ఇంకా ఇటు. తొందరేం లేదు."

ముందు గడ్డం కదిలింది. చాలాసేపటికి కళ్ళు కదిలాయి. ఎంతో దూరం నుంచి నడిచొస్తున్నట్టు వచ్చాయి. నా మొహం మీద ఆగలేదు. నన్ను దాటి, నా వెనక నిలబడ్డ భార్య దగ్గర ఆగాయి.

"నువ్వా!" అన్నారాయన. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?"

నీ వదిన